పిక్క మాది... పండు వాళ్లది!

‘సారా బట్టీ చూడ్డానికి ఇంత దూరం రావాలేటే?’

కారు దిగకుండానే అమ్మ అడిగిన ప్రశ్న అది. నా దగ్గర సమాధానం లేదు. గోవా వెళ్దామన్నప్పుడు మంగేశి గుడి చూపిస్తానని చెప్పాను తప్ప, ఫెని కాచే చోటుకి తీసుకెళ్తానని చెప్పలేదు మరి!

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, పనస, జీడిమామిడి... ఈ మూడింటి నీడలోనే పెరిగాం. పలాస జీడిపప్పు గురించి అందరికీ తెలుసు. ఆ పప్పుని మోసుకొచ్చే పండు సంగతే ఎవరికీ పట్టదు. మార్చి నుంచి మే దాకా తోటల్లోకి వెళ్తే చెట్ల కింద ఎర్రగా, పసుప్పచ్చగా పండ్లు పరచుకుని ఉంటాయి. పిక్క మెలితిప్పి బుట్టలో వేసుకుంటాం. పండుని అక్కడే వదిలేస్తాం. పశువులు తిన్నన్ని తినగా మిగతావి కుళ్లిపోతాయి. నా చిన్నప్పుడు వేసవి సెలవులంటే ఆ పులిసిన వాసనే. పిక్కతో పోలిస్తే పండు బరువు ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే పండించినదాంట్లో ఎక్కువ భాగం మేం పారబోస్తున్నట్టే కదా! మరి అదే పండుతో గోవా వాళ్లు ఏం చేస్తున్నారో చూడాలని నాకు ఎప్పట్నుంచో కోరిక.

అమ్మకి మాత్రం బట్టీ అన్న మాటే గిట్టదు. దానికి కారణం ఉంది. మా మావయ్య, అంటే అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, ప్యాకెట్ల సారాకి అలవాటుపడి నలభై నిండకుండానే పోయాడు. ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాని ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చిన రోజులవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారన్న వార్త రాష్ట్రమంతా పాకింది. మా ఊళ్లోనూ ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకుని బయల్దేరారు. ముందు వరసలో అమ్మ ఉంది. 1993లో రాష్ట్రమంతటా సారాని నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. అమ్మ మనసులో మాత్రం అది ఇప్పటికీ అమల్లోనే ఉంది!

కొండ కింద పొయ్యి

మంగేశి గుడి నుంచి ఫోండా మీదుగా తూర్పుకి వెళ్తే సత్తరి తాలూకా వస్తుంది. సముద్రం, ఇసుక, జనం... ఇవేవీ కనిపించని గోవా ఇది. ఓ పక్క పడమటి కనుమలు, ఇంకో పక్క మాండవిగా మారబోయే మహదాయి నది. కొండవాలు నిండా జీడిచెట్లే. వాల్పోయి దాటాక కారు మట్టిబాటలోకి తిరిగింది. కిటికీ అద్దం దించగానే గుప్పున వాసన. మా ఊరి మే నెల వాసన! అమ్మ కూడా గుర్తుపట్టినట్టుంది, చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకోబోయి ఆగిపోయింది.

తాటాకుల పందిరి, పక్కన మట్టి గోడల పాక. అదే బట్టీ. దాన్ని నడిపే పెద్దాయన, ఆయన భార్య ఎదురొచ్చి మంచినీళ్లిచ్చారు. వాళ్లది కొంకణి, మాది తెలుగు. మధ్యలో మా డ్రైవరు హిందీ. అలాగే రెండు గంటలు మాట్లాడుకున్నాం.

పందిరి కింద నలుగురు ఆడవాళ్లు కూర్చుని పండ్ల నుంచి పిక్కలు వేరు చేస్తున్నారు. అమ్మ కాసేపు నిలబడి చూసింది. తర్వాత ఎవరూ పిలవకుండానే వెళ్లి వాళ్ల పక్కన పీట లాక్కుని కూర్చుంది. ఒక్క మెలిక... పిక్క ఇటు, పండు అటు. ఆ వేగం చూసి వాళ్లు పని ఆపి నవ్వారు. ‘మీ దగ్గరా ఉన్నాయా ఇవి?’ అని అడిగింది ఒకావిడ. ‘ఉన్నాయి. పిక్కలేరుకుని పండు ఒగ్గేస్తాం’ అంది అమ్మ. డ్రైవరు ఆ మాట చెప్పగానే పెద్దాయన అయ్యో అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అన్నం పారేశామని చెప్తే మనవాళ్లు ఎలా చూస్తారో అచ్చం అలా చూశాడు మావైపు.

నేల రాలిందే పండు

ఇక్కడ పండుని చెట్టు మీంచి కోయరు. బాగా పండి దానంతటదే రాలాలి. రాలినదాన్ని ఆ రోజే ఏరాలి. జీడిపండు ఒక్కరోజు కూడా నిలవదు. చిన్న దెబ్బ తగిలినా చెడుతుంది. అందుకే అది మామిడిలా బజారుకి రాలేకపోయింది.

ఏరిన పండ్లని కొళంబిలో పోస్తారు. కొళంబి అంటే రాతిలో తొలిచిన తొట్టి. అందులో దిగి కాళ్లతో తొక్కుతారు. ఈమధ్య చాలాచోట్ల యంత్రాలొచ్చాయి కానీ, ఈ బట్టీలో ఇంకా కాళ్లే! తొక్కగా వచ్చిన రసం ఒకవైపు తీసేస్తారు. మిగిలిన పిప్పిని ముద్దగా చేసి, అడవి తీగ చుట్టి, పైన బరువైన రాయి పెడతారు. రాత్రంతా దాన్నుంచి బొట్టుబొట్టుగా తేటనీరు దిగుతుంది. దాని పేరు నీరో.

‘నీరే కదా, నీరో అంటాడేటి?’ అంది అమ్మ.

తాగాక తెలిసింది, అది నీరు కాదని! తియ్యగా, చల్లగా, చివర్లో కాస్త వగరు. అందులో సారా లేదని రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాకే అమ్మ గ్లాసు అందుకుంది. తాగి, ఏమీ మాట్లాడకుండా గ్లాసు మళ్లీ చాపింది. ఎండ ముదిరేలోపే దీన్ని తాగేయాలట. ఆలస్యమైతే పులియడం మొదలవుతుంది.

తొక్కిన రసానిది మాత్రం వేరే దారి. దాన్ని కుండల్లో పోసి సుమారు మూడురోజులు వదిలేస్తారు. ఏమీ కలపరు. పండు మీద, గాలిలో ఉండే సూక్ష్మజీవులే పులియబెడతాయి. నేను కుండ మీద చెవి పెట్టాను. లోపల సన్నగా చిటపటలు. బుడగలు పగులుతున్న చప్పుడు అది.

రెండుసార్లు కాస్తేనే...

పులిసిన రసాన్ని భాణ్‌లోకి పోసి పొయ్యి మీదికి ఎక్కిస్తారు. ఒకప్పుడు భాణ్ అంటే మట్టికుండ, ఇప్పుడు రాగిపాత్ర. మూత చుట్టూ గుడ్డ, బంకమట్టి కలిపి బిగిస్తారు. కింద కట్టెల మంట. ఆవిరి గొట్టంలోంచి పోయి, నీళ్ల తొట్టిలో చల్లబడి, ఇవతల ధారగా దిగుతుంది. పాత పద్ధతిలో అయితే ఆవిరి నేరుగా లావ్‌ణి అనే మట్టికుండలోకి వెళ్లేది. ఆ కుండ మీద మనిషి గంటల తరబడి చన్నీళ్లు పోస్తూ ఉండాల్సిందే.

మొదటి కాపుకి వచ్చేది ఉర్రాక్. దాంట్లో ఆల్కహాలు నూటికి పదిహేను పాళ్లు. అరబ్బీ భాషలో ‘అరక్’ అన్నమాట ఇక్కడ ఉర్రాక్ అయింది. ఇంగ్లిషువాళ్లు మన సారాని ‘యారక్’ అన్నదీ అందులోంచే. ఉర్రాక్ నిలవ ఉండదు కాబట్టి వేసవిలోనే దొరుకుతుంది. నిమ్మకాయ, ఉప్పు, చీల్చిన పచ్చిమిరపకాయ, పైన సోడా... గోవా వాళ్ల వేసవి పానీయం ఇదే.

ఉర్రాక్‌కి మళ్లీ పులిసిన రసం కలిపి రెండోసారి కాస్తే ఫెని. ఆల్కహాలు నలభై పాళ్లు దాటుతుంది. పెద్దాయన సీసాలో కొంచెం పోసి గట్టిగా ఊపాడు. పైన పూసల్లా నురగ కట్టింది. ఆ నురగ ఎంతసేపు నిలుస్తుందో చూసి ఎంత ఘాటుందో చెప్పేస్తారు. ఇప్పుడు కొలిచే పరికరాలున్నా ఆయన కన్ను ముందు నురగనే చూస్తుంది. ఫెని అన్న పేరు కూడా నురగ నుంచే వచ్చిందంటారు. సంస్కృతంలో ఫేనం అంటే నురగే కదా!

రుచి చూసే ముందు రెండు చుక్కలు అరచేతిలో వేసి రుద్దుకోమన్నాడు. ఘాటు ఆరిపోయాక చేతిలో మిగిలింది మగ్గిన జీడిపండు వాసన. తర్వాత చిన్న గ్లాసులో గుక్కెడు. నాలుక మీద మంట, వెనకాలే పండు తీపి, ఆపైన మా తోటలోని వగరు. ఒక్క గుక్కతో చాలనుకున్నాను. ఎదురుగా అమ్మ చూస్తోంది మరి!

అడగాల్సిన ప్రశ్న

జీడిచెట్టు గోవాదీ కాదు, మనదీ కాదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చారు. పిక్క కంటే ముందు గోవా జనం పండు విలువ కనిపెట్టారు. కొబ్బరికల్లుని కాచే విద్య వాళ్లకి ముందే ఉంది, దాన్ని ఈ పండుకి వాడారు. కొబ్బరి ఫెని ఇప్పటికీ దక్షిణ గోవాలో దొరుకుతుంది. 2009లో కాజూ ఫెనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2016లో గోవా ప్రభుత్వం దీన్ని వారసత్వ పానీయంగా ప్రకటించింది. ఏటా ఎక్సైజు శాఖ జీడితోటలున్న ప్రాంతాల్ని విడగొట్టి, కాచే హక్కుని వేలం వేస్తుంది. మనదగ్గర బట్టీ అంటే పోలీసులు పగలగొట్టే కుండలు గుర్తొస్తాయి. ఇక్కడ అదే కుండ పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటున్నాం.

నేనిదంతా ఉత్సాహంగా అమ్మకి చెప్తుంటే ఆవిడ మధ్యలో ఆపి, ఇంటావిడ వైపు తిరిగింది.

‘ఇది తాగి మీ ఊళ్లో ఎవరూ పాడవలేదా? అడుగు.’

డ్రైవరు తటపటాయించాడు. అడగమని నేనే సైగ చేశాను. ఇంటావిడ పొయ్యిలో కట్టె ఎగదోసి, కాసేపు మాట్లాడలేదు.

‘ఎందుకు పాడవలేదు? మా అన్నే పాడయ్యాడు’ అంది. ‘ఫెని మంచిదనో చెడ్డదనో నేను చెప్పను. ఏది ఎంత తాగాలో పొయ్యి చెప్పదు కదా! మేం మాత్రం ఇందులో ఏదీ కలపం. అంతే.’

అమ్మ తల ఊపింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ డ్రైవరు సాయం లేకుండానే చాలాసేపు ఏదో మాట్లాడుకున్నారు. ఏ భాషలోనో నాకిప్పటికీ తెలీదు. బయల్దేరేటప్పుడు పెద్దాయన ఓ సీసా ఇవ్వబోతే అమ్మ వద్దంది. ఇంటావిడ ఇచ్చిన నీరో చెంబు మాత్రం దారిపొడుగునా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మీరూ వెళ్లాలనుకుంటే...

మార్చి నుంచి మే లోపు వెళ్లాలి. మిగతా నెలల్లో సీసాలు కనిపిస్తాయి కానీ పొయ్యి కనిపించదు. గోవాలో కొన్ని బట్టీలవాళ్లు ముందుగా చెప్తే తోట, తయారీ చూపించి రుచి కూడా చూపిస్తారు. ఉదయాన్నే వెళ్తే నీరో దొరుకుతుంది. చట్టం చెప్పిన వయసు నిండనివాళ్లకి మద్యం ఇవ్వరు. రుచి చూసేవాళ్లు బండి నడపకండి. విజయవాడ, గుంటూరు, గుంతకల్లు మీదుగా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మడగావ్‌లో దిగొచ్చు. దారిలో దూధ్‌సాగర్ జలపాతం పక్కనుంచే రైలు వెళ్తుంది. కిటికీ పక్క సీటు వదలకండి.

తోటకి తిరిగొచ్చాక

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా తోటలో సగానికి పైగా చెట్లని పడగొట్టింది. మిగిలినవి, తర్వాత నాటినవి ఇప్పుడు కాస్తున్నాయి. గోవా నుంచి వచ్చిన నెలకి ఊరెళ్లాను. తోటలో ఎప్పట్లాగే చెట్ల కింద పండ్లు. పెరట్లో మాత్రం ఓ కొత్త సంగతి. తెల్లటి పంచెగుడ్డలో పండ్ల పిప్పి మూటకట్టి, పైన పాత రుబ్బురోలు పొత్రం పెట్టి ఉంది. కింద ఇత్తడి గిన్నె.

తెల్లారి చూస్తే గిన్నెలో సగానికి తేటనీరు. అమ్మ చిటికెడు ఉప్పేసి నాకో గ్లాసు ఇచ్చింది. గోవాలో తాగినంత తియ్యగా లేదు, వగరు ఎక్కువగా ఉంది.

‘రాలినవే ఏరాలన్నాడు కదా ఆయన. నేను తొందరపడి కోసినవీ కలిపేశాను’ అంది అమ్మ. మిగతాది పక్కింటి పిల్లల్ని పిలిచి ఎండెక్కకముందే పోసేసింది. తర్వాత బుట్ట తీసుకుని తోటవైపు బయల్దేరింది. ఈసారి ఒక్కటి కాదు, రెండు బుట్టలు. ఒకటి పిక్కలకి, ఇంకోటి పండ్లకి.