టర్బో బండి గురించి నేను చెప్పిన మాట తప్పు



టమోటా కోతలు అయిపోయి కాస్త తీరిక దొరికింది. ఈ పోస్టు పెద్దదే. పికప్ బండి కొనాలనుకునేవాళ్లు మాత్రం ఓపిగ్గా చివరిదాకా చదవండి. ముఖ్యంగా ఎనిమిదేళ్లుగా నా నోటి నుంచి "టర్బో బండి జోలికి పోవద్దు" అన్న మాట విన్నవాళ్లు చదవాలి. ఆ మాట తప్పు. తప్పని తెలిసే చెప్పాను.

మాకు నాలుగెకరాలు. పండించిన టమోటా మామూలుగా మదనపల్లె మండీలోనే వేస్తాం. అక్కడ రేటు పడిపోయిన రోజుల్లో తిరుపతికి తోలుకుంటా. పోయేటప్పుడు భాకరాపేట ఘాట్ దిగుడు కాబట్టి సరుకుతో ఇబ్బంది లేదు. వచ్చేటప్పుడు ఉత్త బండి రాకూడదని దాణా మూటలో, డ్రిప్ పైపులో, ఎవరిదో ఒకరి బాడుగ సరుకు వేసుకుని ఘాట్ ఎక్కేవాణ్ణి.

అప్పట్లో నా దగ్గర సెకండ్ హ్యాండ్ టర్బో పికప్ ఉండేది. ఏ కంపెనీదో చెప్పను, తప్పు కంపెనీది కాదు. లోడుతో ఘాట్ ఎక్కుతుంటే ముందు పోయే చిన్న బండ్లు రెండో గేర్లో మూలుగుతుండేవి. నాది మూడో గేర్లో ఈల వేసుకుంటూ పోయేది. ఆ ఈల వింటే నాకు పొగరు. పైకి రాగానే భాకరాపేటలో టీ కొట్టు ముందు ఆపి టక్కున తాళం తిప్పేసేవాణ్ణి. పది వేల కిలోమీటర్లకు మార్చాల్సిన ఆయిల్‌ని పదిహేను, పదహారు వేల దాకా లాగించా. అది కూడా సీలు డబ్బా కాదు, విడిగా పోసిచ్చే చవక ఆయిల్. కారణం చెప్పాలంటే ఉంది. ఆ ఏడు టమోటా అడిగే నాథుడు లేక బాక్సులకు బాక్సులు రోడ్డు పక్కన పారబోశాం. ఇంట్లో పైసా లేదు. అయినా బండికి మన కష్టాలు తెలియవు కదా.

ఒకరోజు తెల్లవారుజామున నలభై బాక్సులతో మండీకి పోతుంటే ఆ ఈల కాస్తా అరుపైంది. అంతలోనే బండి లాగడం మానేసింది. అద్దంలో చూస్తే వెనక అంతా నీలం పొగ. ఇంకో బండి పిలిపించి, బాక్సులు మార్చి, మండీకి చేరేసరికి వేలం అయిపోయింది. మిగిలిన ఒక వ్యాపారి చెప్పిన రేటుకే ఇచ్చేసి వచ్చా.

మెకానిక్ టర్బో గొట్టం విప్పి లోపలి షాఫ్టును రెండు వేళ్లతో పట్టుకుని ఊపాడు. గాలి మరకు వదులైన బోల్టులా కటకట ఆడింది. తర్వాత దాన్ని పూర్తిగా విప్పి చూపించాడు. పాలు మాడిన గిన్నె అడుగులా నల్లగా గట్టిగా పేరుకుపోయి ఉంది. "ఆయిల్ ఎన్నాళ్లకోసారి మారుస్తావు స్వామీ?" అన్నాడు. నేను నేల చూశా. మా అబ్బాయి పక్కనే నిలబడి ఉన్నాడు, అప్పుడు వాడికి పద్నాలుగేళ్లు.

ఇంటికొచ్చి ఏం చెప్పానో తెలుసా? "టర్బో బండ్లంతే, ఎప్పుడు పోతాయో తెలీదు." రచ్చబండ మీదా అదే మాట. ఆ బండిని నష్టానికి అమ్మేసి, టర్బో లేని రెండు సిలిండర్ల టాటా ఏస్ కొన్నా. మా ఊళ్లో అందరూ దాన్ని టాటా ఏసీ అంటారు, అందులో ఏసీ లేదనుకోండి.

అసలు టర్బో అంటే ఏమిటో నాకు అర్థమైనంత చెప్తా. కమ్మరి కొలిమి చూసినవాళ్లకు సులువు. తిత్తి ఊదకపోయినా బొగ్గు మండుతుంది, ఊదితే ఇనుము ఎర్రగా కాగి మెత్తబడుతుంది. మామూలు ఇంజిన్‌లో పిస్టన్ కిందికి దిగేటప్పుడు తనంతట తాను ఎంత గాలి పీల్చుకుంటే అంతే. దాన్నే నేచురల్లీ యాస్పిరేటెడ్ అంటారు. టర్బోలో సైలెన్సర్ వైపు పోయే వేడి పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్టుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువ పోతే డీజిల్ ఎక్కువ మండించవచ్చు, బలం ఎక్కువ వస్తుంది.

ఎత్తు మీద దీని విలువ ఇంకా తెలుస్తుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, మామూలు ఇంజిన్ ప్రతి వంద మీటర్లకూ సుమారు ఒక శాతం బలం తగ్గుతుంది. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది, లెక్క వేసుకోండి. టర్బో ఆ లోటును చాలావరకు పూడుస్తుంది.

ఇక ఆ షాఫ్టు సంగతి. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. పలచటి ఆయిల్ పొర మీద తేలుతున్నట్టు తిరుగుతుంది. ఆ ఆయిల్ ఇంజిన్ పంపు నుంచే రావాలి. ఘాట్ ఎక్కి కణకణలాడుతున్న టర్బోను నాలాగా టక్కున ఆపితే పంపు ఆగిపోతుంది, లోపల నిలిచిన ఆయిల్ ఆ వేడికి మాడి గడ్డకడుతుంది. పాత ఆయిల్ అయితే ఇంకా తొందరగా. ఒకటి రెండు నిమిషాలు స్లోలో వదిలి ఆపి ఉంటే నా బండి బతికేది. టీ చెప్పి వచ్చేంత సేపు, అంతే.

మరి టర్బో లేని బండి చెడ్డదా? కాదు. నా ఏస్ ఎన్ని మోట్లు పడ్డా ఓర్చుకుంది. విప్పడానికి సామాను తక్కువ, మా ఊరి మెకానిక్కే చేసేవాడు. పొలానికి ఎరువు, ఊళ్లోంచి పాలక్యాన్లు, చదును రోడ్డు మీద ముప్పావు టన్ను లోపు సరుకు అయితే దానికి పేరు పెట్టాల్సిన పని లేదు. కానీ ఘాట్ మీద నిండు లోడుతో దాని పాట్లు నేను చూశా. ఎవరికీ చెప్పలేదు, చెప్తే నా పాత మాట పోతుందని.

పక్క చేను అన్న నా మాట నమ్మి, తీసుకోవాలనుకున్న టర్బో పికప్ మానుకుని చిన్న బండి కొన్నాడు. ఆయన సరుకు ఎప్పుడూ టన్నుకు తగ్గదు. అంత వేయడం తప్పే, కానీ మనలో వేయనివాళ్లు ఎవరు? మే నెల ఎండలో అదే ఘాట్ మీద ఇంజిన్ కాగిపోయి హెడ్ గ్యాస్కెట్ పోయింది. తిట్టి ఉంటే బాగుండేది. "నీ మాట ఇనే కదప్పా కొంటి" అని నవ్వాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ మధ్య మా అబ్బాయి కొత్త పికప్ తీసుకుందాం అన్నాడు. నేను మళ్లీ పాత పాట ఎత్తుకున్నా. వాడు అంతా విని, "నాయనా, ఆ పొద్దు మెకానిక్ చూపించింది నేనూ చూసినా కదా" అన్నాడు. అంతే అని ఆవులకు నీళ్లు పెట్టను పోయాడు.

కాబట్టి ఇప్పుడు నిజం చెప్తున్నా. షోరూంలో పెద్ద పికప్‌లు, అంటే బొలెరో పికప్, దోస్త్, ఇంట్రా వీ30 లాంటివి, డీజిల్ అయితే టర్బోతోనే వస్తాయి. టర్బో వద్దంటే మారుతి సూపర్ క్యారీ, ఏస్ పెట్రోల్ లాంటి చిన్న పెట్రోల్, సీఎన్‌జీ బండ్లు చూసుకోవాలి. అంటే మనం ఎంచుకునేది ఇంజిన్ ఒక్కటే కాదు, ఎంత బరువు, ఏ రోడ్డు అన్నది. టన్ను దాటే సరుకు, ఎక్కుడు రోడ్డు, దూరం బాడుగలు ఉంటే టర్బో డీజిల్. ఊరి చుట్టూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగేదైతే అది వద్దు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక డీజిల్ బండ్లకు పొగ ఫిల్టర్ పెడుతున్నారు, చిన్న తిరుగుళ్లతో అది మూసుకుపోతుంది.

ఇంకోటి, బండి ఎవరి చేతిలో ఉంటుందో చూసుకోండి. ఆయిల్ డబ్బు ఎగ్గొట్టేవాడు, ఎయిర్ ఫిల్టర్ దుమ్ము దులపనివాడు, రోజుకో డ్రైవర్ మారే ఇల్లు అయితే టర్బోకు దూరంగా ఉండటమే మేలు. సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు నా బండి లాంటిది తగలొచ్చు. అమ్మేవాడిని అడిగి గాలి గొట్టం విప్పించి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు షాఫ్టు ఊపి చూడండి. గొట్టంలో ఆయిల్ కారి ఉన్నా, స్టార్ట్ చేసి రేజ్ చేస్తే నీలం పొగ వచ్చినా వెనక్కి వచ్చేయండి.

మేము టర్బోనే తీసుకుంటున్నాం. ఫైనాన్స్ మీదే, నాలుగేళ్ల కంతులు. బండి మా అబ్బాయి పేరు మీద. ఆయిల్ మార్చిన తేదీ, కిలోమీటర్లు రాయడానికి వాడు ఒక నోటుపుస్తకం కొన్నాడు. అందులో నన్ను చెయ్యి పెట్టనివ్వడంట. పక్క చేను అన్నకు ఈ పోస్టు పెట్టకముందే నిన్న పొద్దున కాలవ దగ్గర చెప్పేశా. బండి వచ్చాక ఆయన టమోటా తిరుపతికి మొదటి ట్రిప్పు మేమే తోలుతున్నాం, బాడుగ లేకుండా.