సింహాచలం కొండా, బీదరు రాయీ

మా కుటుంబం బీదరులో స్థిరపడి మూడు తరాలయింది. తాతగారు వచ్చిననాడు ఇది నిజాం రాజ్యం. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరింది. 1973లో ఆ రాష్ట్రమే కర్ణాటక అయింది. మేము మాత్రం ఇల్లు కదలలేదు. ఆఫీసులో కన్నడం, ఇంట్లో తెలుగు.

మా అమ్మగారు సింహాచలం వైపునుంచి కోడలుగా వచ్చినవారు. పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన చిన్న స్థలం అక్కడున్నది. "ఆ కొండ నీడన ఇల్లు కట్టు నాయనా, కొండ ఎక్కడికీ పోదు" అంటారు. అది అమ్మేసి ఇక్కడే మేడ వేద్దామని పిల్లలంటారు. ఇద్దరి మధ్యా మేము నలిగిపోతున్నాము.

కొండ ఎక్కడికీ పోదన్న మాట ఎంతవరకు నిజమో అని పుస్తకాలు తిరగవేశాము. తూర్పు కనుమలలో ఆ ప్రాంతపు రాతిని ఖొండలైటు అంటారు. ఖోండు జాతివారి పేరుమీద వచ్చిన పేరిది. కోణార్క ఆలయం కట్టినదీ ఈ రాతితోనే. మొదట అది రాయి కాదు, నీటి అడుగున పేరుకొన్న బురద, ఇసుక. సుమారు 100 కోట్ల యేండ్ల కిందట భూఖండాలు ఢీకొనగా ఆ బురద మైళ్ల లోతుకు కుంగి, 900 డిగ్రీలకు మించిన వేడిలో ఉడికి, కొండలై పైకి లేచింది. ఆనాడు దాని పక్కన ఆనుకొని ఉన్నది తూర్పు అంటార్కిటికా! సుమారు 13 కోట్ల యేండ్ల కిందట రెండూ విడిపోయాయి. అయినా ఆ మంచు కింది రాళ్లు నేటికీ మన కనుమలకు తోబుట్టువులే.

మన బీదరు రాయి వయసులో చాలా చిన్నది. సుమారు 6.6 కోట్ల యేండ్ల కిందట పారిన లావా నల్లరాయి అయింది. దాని పైపొర ఎండకూ వానకూ మాగి ఎర్రరాయిగా మారింది. నేలలో ఉన్నంతకాలం మెత్తన. కోసి గాలికి ఉంచితే గట్టిపడుతుంది. ఆ రాతితోనే బహమనీ సుల్తానులు కోట కట్టారు. పెకలించుకొని వచ్చి పైచోట నిలదొక్కుకొన్న మన కుటుంబాలూ అటువంటివే కదా!

ఇదంతా విని అమ్మగారు, "విడిపోయినా తోబుట్టువులేగా! చూసి రావడానికైనా ఓ చోటుండాలి" అన్నారు. పిల్లలు మారుమాటాడలేదు. స్థలం అమ్మడం లేదు. వేసవిలో అందరమూ వెళ్లి కంచె వేయించి వస్తాము. మేడ మాట ప్రావిడెంటు ఫండు చేతికందాక చూసుకొందాము.