ప్యాచ్ రాయడం తేలిక, మోయడమే కష్టం

శనాదివారాలు ఏం చేస్తుంటావని అడిగితే చెప్పడానికి నాకు కాస్త మొహమాటమే. హైకూ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద, వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాములు నడిచేలా పోర్ట్ చేస్తుంటాను. "ఎవరు వాడతారు దాన్ని?" అన్నది అందరి మొదటి ప్రశ్న. "డబ్బులేమైనా ఇస్తారా?" అన్నది రెండోది :) వాడేవాళ్ళు తక్కువే, డబ్బులు అసలే లేవు. కానీ ఈ పనిలో నేర్చుకున్నంత జీతమిచ్చే పనిలో నేర్చుకోలేదు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. బీఓఎస్ తయారుచేసిన కంపెనీ 2001లో తన ఆస్తుల్ని పామ్‌కి అమ్మేసింది. ఆ సిస్టమ్ మీద మమకారం చావని కొందరు అదే ఏడాది దాన్ని మళ్ళీ మొదట్నుంచీ రాయడానికి పూనుకున్నారు. 2004లో దానికి హైకూ అని పేరు పెట్టారు. మొదటి బీటా రావడానికి 2018 దాకా పట్టింది.

కెర్నెల్ ఉన్నంత మాత్రాన సరిపోదు కదా, ఎడిటరూ పైథానూ వీడియో ప్లేయరూ అన్నీ కావాలి. అందుకే హైకూపోర్ట్స్ ఉంది. అందులో ఒక్కో ప్రోగ్రాముకీ ఒక రెసిపీ ఫైలు ఉంటుంది: సోర్సు ఎక్కడ దొరుకుతుంది, ఏ లైబ్రరీలు కావాలి, ఎలా బిల్డ్ చేయాలి. సోర్సులో మార్పులు అవసరమైతే అవి విడిగా ప్యాచ్‌లుగా ఉంటాయి.

ఇక్కడే అసలు సంగతి. ప్యాచ్‌లన్నీ ఒక రకం కాదు.

మొదటి రకం చూడండి. లినక్స్‌లో సాకెట్ ఫంక్షన్లు సీ లైబ్రరీలోనే ఉంటాయి. హైకూలో లిబ్‌నెట్‌వర్క్ అనే వేరే లైబ్రరీలో ఉంటాయి. అందుకని లినక్స్ మీద మాత్రమే బిల్డ్ చేసి చూసుకున్న ప్రోగ్రాము ఇక్కడ లింకర్ దగ్గర ఆగిపోతుంది. "హైకూ అయితే ఈ లైబ్రరీ కలుపు" అని ఒక షరతు రాసేస్తే ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. అలా కాకుండా "సాకెట్ ఫంక్షన్ ఏ లైబ్రరీలో ఉందో వెతికి కలుపు" అని రాస్తే అది అందరి సమస్యకీ జవాబు. పాత సొలారిస్‌లోనూ సాకెట్లు వేరే లైబ్రరీలోనే ఉండేవి మరి. ఇలాంటి మార్పుని అసలు రచయితలకి పంపవచ్చు, వాళ్ళూ సంతోషంగా తీసుకుంటారు.

రెండో రకం మరీ దొంగది. ఫంక్షన్ ఫెయిలైతే ఎర్రర్ నంబరుకి మైనస్ పెట్టి తిరిగివ్వడం, పిలిచినవాడు అది సున్నాకంటే తక్కువా అని చూడటం సీ ప్రోగ్రామర్లలో చాలామందికి అలవాటు. బీఓఎస్ వారసత్వంగా హైకూలో ఎర్రర్ నంబర్లే నెగటివ్! మైనస్ పెడితే అవి పాజిటివ్ అయిపోతాయి. ఫైల్ తెరుచుకోకపోయినా తెరుచుకుందనుకుని ప్రోగ్రాము ముందుకెళ్ళిపోతుంది. కంపైలర్ నోరు మెదపదు. ఇందులో ఆ ప్రోగ్రాము తప్పేమీ లేదు, ఎర్రర్ నంబర్లు పాజిటివ్‌గా ఉండాలనే పాజిక్స్ ప్రమాణం చెబుతుంది. తేడా మన దగ్గరే ఉన్నప్పుడు వాళ్ళని కోడ్ మార్చమనడం న్యాయం కాదు. హైకూలో దీనికోసమే ఒక చిన్న మ్యాపర్ లైబ్రరీ ఉంది, దాన్ని కలుపుకుంటే సరిపోతుంది.

ఈ రెంటికీ తేడా చూడకుండా అన్నిటికీ ప్యాచ్ కొట్టి దగ్గర పెట్టుకుంటే ఏమవుతుంది? కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఆ ప్యాచ్ అతుకుతుందో లేదో చూసుకోవాలి. అతక్కపోతే మళ్ళీ రాయాలి. రాసినవాడు మానేస్తే, ఎందుకు రాశాడో తెలియని ఇంకొకడు మోయాలి. అప్పు ఒకడు చేస్తే వడ్డీ ఇంకొకడు కట్టినట్టు.

ఇది హాబీ సిస్టమ్‌ల గొడవ మాత్రమే అనుకోకండి. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఓ ఓపెన్‌సోర్స్ లైబ్రరీని తెచ్చి, లోపల అక్కడక్కడా మార్చి, మా కోడ్‌లో కలిపేసి ఉంచారు. ఏం మార్చారో, ఎందుకు మార్చారో ఎక్కడా రాయలేదు. ఆ లైబ్రరీలో సెక్యూరిటీ లోపం బయటపడి కొత్త వెర్షన్‌కి మారాల్సి వచ్చినప్పుడు ముగ్గురం రెండు వారాలు కూర్చున్నాం. మారడానికి కాదు, ఏది వాళ్ళ కోడో ఏది మా కోడో తేల్చడానికి! ఆ రెండు వారాలూ లోపం అలాగే ఉంది, కస్టమర్లు దాన్నే వాడుతున్నారు. జీతం లేని హైకూపోర్ట్స్‌లో మాత్రం ప్రతి మార్పూ విడి ఫైలుగా, ఎవరు ఎందుకు చేశారో వివరంతో సహా ఉంటుంది.

అందుకే నా లెక్కలో ప్రోగ్రాము కంపైలైన రోజు పోర్టింగ్ సగమే అయినట్టు. నేను పంపిన మార్పు అసలు సోర్సులో కలిసి, మా ప్యాచ్ ఫైలుని డిలీట్ చేసిన రోజునే పూర్తయినట్టు.