దేవనకొండ బడిలో జపాన్ మాట

ఆదోనిలో ఎక్కిన పల్లెవెలుగు బస్సు దేవనకొండలో దించేసరికి పొద్దు బారెడెక్కింది. సంక్రాంతి వెళ్లి వారమైంది. రోడ్డు పక్కన టమోటా బాక్సులు ఆటోకెత్తుతున్నారు, పత్తికొండ మార్కెట్టుకట. నేను వచ్చిన పని వేరు. వేరే దేశాలు మన పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్‌ల గురించి ఇక్కడి ప్రభుత్వ బడిలో గంటసేపు మాట్లాడాలి.

తొమ్మిదో తరగతి గదిలో వెనక బెంచీలు ఖాళీగా ఉన్నాయి.

"సుగ్గికి పోయినారు సార్" అంది ముందు వరసలో పిల్ల.

ఈ పడమటి పల్లెల్లో సుగ్గి అంటే వలస. వాన మీద ఆధారపడ్డ చేలో పంట చేతికి రాకపోతే ఇంటికి తాళమేసి, మూటాముల్లెతో గుంటూరు మిరపకోతలకు పోతారు. చూసుకునే అవ్వాతాతలున్న పిల్లలు ఊళ్లో ఉంటారు. లేనివాళ్లు అమ్మానాయనల వెంటే పోతారు.

ముందు పక్క ఊరి సంగతితో మొదలుపెట్టాను. 2023 సెప్టెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల నుంచి 10 మంది విద్యార్థులు అమెరికా వెళ్లి, న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో అడుగుపెట్టారు. వాళ్లలో ఒకమ్మాయి ఆదోని కస్తూర్బా విద్యాలయంలో చదువుకున్న పిల్ల. "మన ఆదోనేనా సార్?" అని నలుగురైదుగురు ఒకేసారి అడిగారు. మన ఆదోనే అన్నాను. అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న పిల్లలు ముందుకు జరిగారు.

సీమ నుంచి సముద్రం దాటి చదవడం కొత్త కాదు. చిత్తూరు దగ్గరి కట్టమంచి నుంచి రామలింగారెడ్డి 1902లో ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీదే కేంబ్రిడ్జి వెళ్లారు. 1950 ఫిబ్రవరి 2న భారత్, అమెరికా సంతకాలు చేసిన ఒప్పందంతో మొదలైన ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్‌లు నేటికీ నడుస్తున్నాయి. అయితే అవి డిగ్రీ దాటినవాళ్ల సంగతి. తొమ్మిదో తరగతి పిల్లకు అందే దారి జపాన్ వైపు ఉంది. అందుకే ఎక్కువసేపు దాని గురించే చెప్పాను.

కేంద్ర సైన్స్ శాఖ ఇన్‌స్పైర్ మనక్ అనే పథకం నడుపుతోంది. పిల్లలు తమకు తట్టిన ఆలోచన రాసిస్తే బడివాళ్లు ఆన్‌లైన్‌లో పంపుతారు. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాలో పడతాయి. జిల్లా, రాష్ట్రం దాటి జాతీయ స్థాయిలో నెగ్గినవారిలో కొందరు సకురా సైన్స్ కార్యక్రమం కింద జపాన్ వెళ్తారు. అక్కడి ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలు చూస్తారు. ఇంటర్ అయ్యాక జపాన్ ప్రభుత్వమే ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఉంది. ఫీజు ఉండదు, విమానం టికెట్టు వాళ్లదే, నెలకు 1,17,000 యెన్లు ఇస్తారు. మొదటి ఏడాది జపాన్ భాష నేర్పాకే కాలేజీలో చేరుస్తారు.

"ఆలోచనంటే ఎట్లాంటిది సార్?" అని అడిగింది ముందు వరస పిల్ల. నీకేం తోస్తుందో చెప్పమన్నాను. కాసేపు తలొంచుకుని చెప్పింది: "మిరక్కాయలు తెంపి తెంపి మాయమ్మ చేతులు మండుతాయి సార్. వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుంటాది. అయి తడిసి జారిపోతాయి. జారకుండా, మంట తగలకుండా వేళ్లకు తొడుక్కునేది చేస్తే?"

నోటుపుస్తకం తీసి ఆ మాట అప్పుడే రాసుకోమన్నాను. నేను చూసిన ఎన్నో సైన్స్ ప్రదర్శనల్లో ఇంత అవసరమైన ఆలోచన తక్కువ.

"పాస్‌పోర్టు యాడిస్తారు సార్?" అన్నది తర్వాతి ప్రశ్న. దానికి జవాబు హెడ్మాస్టరు గదిలో దొరికింది. ఆయన అడ్మిషన్ రిజిస్టరు తీసి వేలు పెట్టి చూపించారు. ముందు వరస పిల్ల పేరు బడి రిజిస్టరులో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఇంటిపేరు ఒకచోట ఉంది, ఒకచోట లేదు. పదో తరగతి సర్టిఫికెట్ రాకముందే సరిచేయిస్తే అంతటితో పోతుంది. మైనరు పాస్‌పోర్టుకు తల్లీతండ్రీ ఇద్దరి సమ్మతి సంతకాలు కావాలి. వాళ్లిద్దరూ ఇప్పుడు మిరప చేలో ఉన్నారు.

ఇంతలో పిల్లను చూసుకునే అవ్వ ఏదో సంతకానికని వచ్చింది. చిన్న మనవడి సంగతి ఆమే ఎత్తింది. "పోయిన సుగ్గిలో ఆడనే చేను కాడ కాన్పయింది నాయనా. కాయితం లేదు."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు పాస్‌పోర్టు కావాలంటే పుట్టిన తేదీకి జనన ధ్రువీకరణ పత్రం ఒక్కటే రుజువు. అక్కకు బడి సర్టిఫికెట్ సరిపోతుంది, తమ్ముడికి సరిపోదు. పుట్టుక నమోదు చేయాల్సింది పుట్టిన చోటే. దేవనకొండ సచివాలయంలో ఎంత మంచివాళ్లున్నా గుంటూరు చేలో పుట్టిన బిడ్డను ఇక్కడ రాయడానికి వీల్లేదు. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు తేవాలి. కూలి మానుకుని ఆ తల్లి ఎన్నిసార్లు తిరగగలదు?

స్కాలర్‌షిప్‌కు డబ్బుంది, ఆ పిల్ల దగ్గర ఆలోచన ఉంది. మధ్యలో లేనిది సరైన కాగితమే. నాతో తెచ్చిన కరపత్రాల్లో దీని గురించి ఒక్క ముక్క లేదు. ఇకమీద ఏ బడికి వెళ్లినా మొదట చెప్పేది ఇదే.

గుంటూరు, పల్నాడు వైపు మిరప రైతులకు, అక్కడి పంచాయతీ కార్యదర్శులకు, ఆశా కార్యకర్తలకు నాదొక విన్నపం. మీ చేలకు వచ్చిన మా సుగ్గి కూలీల్లో ఎవరికైనా కాన్పయితే, 21 రోజుల్లోపు మీ ఊళ్లోనే ఆ బిడ్డ పుట్టుక రాయించండి. ఆ గడువు లోపల రుసుమేమీ ఉండదు. తల్లి ఊరికి తిరిగొచ్చేటప్పుడు మూటలో ఆ కాగితం కూడా పెట్టి పంపండి.