వాళ్ళ బొమ్మ వాళ్ళకే చూపలేదు!

తెర మీద మన వీధిలాంటి వీధి కనిపించినా, మన ఇంట్లో మాట్లాడే యాస వినిపించినా హాల్లో ఈలలు మోగిపోతాయి. ఎందుకంటారు? 'వీడు మనవాడే' అనిపించడం వల్ల! ఆ చిన్న సంతోషం కూడా దక్కని కుర్రకారు ఒకప్పుడు లండన్‌లో ఉండేవారు. వాళ్ళ కథలతో తీసిన మూడు బొమ్మలు ఈమధ్య వరసగా చూశాను. చెప్పొద్దూ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

1948లో 'ఎంపైర్ విండ్‌రష్' అనే ఓడ కరీబియన్ దీవుల నుంచి వందలమందిని ఇంగ్లండుకు తీసుకొచ్చింది. తర్వాత వేలాదిగా వచ్చారు. దొంగచాటుగా కాదు సుమండీ, బ్రిటిష్ పౌరులుగా, హక్కుతో! బస్సులు నడిపారు. ఆసుపత్రుల్లో నర్సులయ్యారు. తీరా అద్దెకు గది అడిగితే మొహం మీదే తలుపు వేశారు. పని కావాలి గాని, ఆ పనిచేసే మనిషి అక్కర్లేదన్నమాట!

మొదటి బొమ్మ 'ప్రెషర్' (1976). దర్శకుడు హొరేస్ ఓవే ట్రినిడాడ్‌లో పుట్టినవాడు. ఆయనతో కలిసి కథ రాసిన శామ్యూల్ సెల్వన్‌దీ ఆ దీవే. సెల్వన్ తండ్రి మాత్రం మద్రాసు నుంచి వెళ్ళిన తమిళుడు. కథానాయకుడు టోనీ లండన్‌లోనే పుట్టాడు, అక్కడే చదివాడు. తనతో చదివిన తెల్ల కుర్రాళ్ళకు ఉద్యోగాలొచ్చాయి, వీడికి రాలేదు. అన్న ట్రినిడాడ్‌లో పుట్టినవాడు. వాడికి తన ఊరంటూ ఒకటుంది. పాపం, టోనీకి పుట్టిన ఊరే పరాయిది! నన్ను కదిలించింది ఈ ముడే. ఇంత మంచి చిత్రాన్ని డబ్బు పెట్టిన సంస్థే రెండేళ్ళకు పైగా డబ్బాల్లో మగ్గబెట్టింది. పోలీసుల దౌర్జన్యం చూపడమే కారణమంటారు.

రెండోది 'బాబిలోన్' (1980). హీరో బ్లూ పగలు మెకానిక్కు. రాత్రిళ్ళు స్నేహితులతో సౌండ్ సిస్టమ్ నడుపుతాడు. మన పెళ్ళిపందిట్లో మైకుసెట్టుకు పెద్దన్న అనుకోండి! రెగే పాటలకు గోడలు అదిరిపోతాయి. వాడి ఉద్యోగం ఊడుతుంది. పోలీసులు వెంటాడి కొడతారు. ప్రాణంగా చూసుకున్న సామగ్రిని ఎవరో ముక్కలు చేస్తారు. చివర్లో పోలీసులు తలుపులు పగలగొడుతున్నా సరే, బ్లూ మైకు వదలడు! మరి సెన్సారువారు ఈ బొమ్మకు ఏమిచ్చారు? 'ఎక్స్' సర్టిఫికెట్టు. పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళకు ప్రవేశం లేదు. ఎవరి కథ తీశారో వాళ్ళలో చాలామంది గేటు బయటే! అమెరికాలోనైతే 2019 దాకా విడుదలే కాలేదు.

మూడోది స్టీవ్ మెక్వీన్ తీసిన 'మాంగ్రోవ్' (2020). ఇది జరిగిన కథ. 1968లో ట్రినిడాడ్ వాడైన ఫ్రాంక్ క్రిచ్‌లో నాటింగ్ హిల్‌లో ఈ పేరుతో హోటలు పెట్టాడు. పోలీసులు అదేపనిగా సోదాలు చేశారు. విసిగిపోయిన జనం 1970లో ఊరేగింపు తీస్తే తొమ్మిదిమంది మీద అల్లర్ల కేసు పెట్టారు. 1971లో 55 రోజుల విచారణ తర్వాత అల్లర్ల నేరం నుంచి అందరూ బయటపడ్డారు. ఇలాంటి కోర్టు కథ దొరికితే మన నిర్మాతలు వదులుతారా? అక్కడ అది కథాచిత్రంగా రావడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది!

గది ఇవ్వకపోవడం కళ్ళకు కనిపించే అన్యాయం. ఒకరి కథ వాళ్ళ కంటపడకుండా చేయడం కనిపించని అన్యాయం. రెండోదే ఎక్కువ కాలం బతుకుతుందని నాకనిపిస్తుంది. చిన్నప్పుడు ఇంగ్లండు వచ్చి అక్కడే ముసలివాళ్ళయిన కరీబియన్లను అక్కడి ప్రభుత్వం రుజువులు చూపమని వేధించిన సంగతి 2018లో పెద్ద గొడవైంది. వాళ్ళు ఓడ దిగినప్పటి కార్డుల్ని 2010లో ప్రభుత్వమే నాశనం చేసింది! కాగితాలు పోయినా, ఈ బొమ్మలు మిగిలాయి. వాళ్ళు అక్కడ బతికారనడానికి ఇవీ సాక్ష్యమే.

హొరేస్ ఓవే 2023 సెప్టెంబరులో కన్నుమూశాడు. నెల తిరక్కుండానే 'ప్రెషర్' కొత్త మెరుగులతో లండన్ చిత్రోత్సవంలో తెరకెక్కింది. ఆ ఆట ఆయన చూడలేదు. దొరికితే మీరు తప్పక చూడండి.