మెట్ట నుంచి నాన్నగారికి

జహీరాబాద్, జూన్ రెండో వారం

నాన్నగారూ,

బిడకన్నె దగ్గర అరణ్య వాళ్ల తోటకి క్షేమంగా చేరాను. ఇక్కడ ఫోను అందీ అందనట్టు ఉంది, అందుకే ఈ ఉత్తరం. అమ్మ కట్టిచ్చిన సున్నుండలు పటాన్‌చెరు దాటకముందే అయిపోయాయి.

"వ్యవసాయం నేర్చుకోడానికి కోనసీమ నుంచి జహీరాబాద్ వెళ్లడమేంటమ్మా" అన్నారు కదా మీరు. ఆ మాట ఇక్కడ చెప్తే అందరూ నవ్వారు. కాలవ లేదు, లాకు లేదు, వంతు లేదు. ఎర్ర చెలక, అడుగున మొరం. నాతోపాటు నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది హైదరాబాద్, బెంగళూరుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్లు. ఎకరమో రెండెకరాలో కొనేసి, ఆ తర్వాత ఏం చెయ్యాలా అని వచ్చారు. దమ్ములో కాలు పెట్టినవాళ్లం ఇద్దరు ముగ్గురం ఉంటాం.

ఇక్కడ నేర్పే పర్మాకల్చర్ అంటే ఏమిటని బాబాయి అడిగితే ఇది చెప్పండి. ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోంగ్రెన్ అనే ఇద్దరు 1978లో ఒక పుస్తకం తెచ్చారు. ఒక్కో పంట గురించి విడివిడిగా కాకుండా ఇల్లు, నీళ్లు, చెట్లు, పశువులు, దారులు ఏవి ఎక్కడుంటే ఒకదానికొకటి పనికొస్తాయో ముందే ఆలోచించి నేలని అమర్చుకోవడం గురించి. 1987లో మాలిసన్ మన దేశం వచ్చి పాఠాలు చెప్పారు. ఆ తొలి రోజుల్లో ఇందులోకి వచ్చినవారే కొప్పుల నర్సన్న గారు. ఆయనా, పద్మ గారూ 1999లో అరణ్య సంస్థ పెట్టారు. కోర్సు ఏ దేశంలోనైనా 72 గంటలే. చివర్లో ఒక నేలకి ప్లాను గీసి అందరి ముందూ చెప్పి ఒప్పించాలి.

నిన్నంతా మట్టం గీత, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీత, పట్టడమే పని. ఆరడుగుల వెదురు కర్రలు రెండు పైన కలిపి కట్టి మధ్యలో అడ్డకర్ర బిగించారు. పైనుంచి తాడు, తాడు కొసన రాయి. రెండు కాళ్లూ నేలకి ఆనించి, తాడు అడ్డకర్రని తాకినచోట గుర్తు పెట్టాలి. కర్రని తిప్పి, ఈ కాలున్నచోట ఆ కాలు పెట్టి మళ్లీ గుర్తు. రెండు గుర్తులకీ నడిమధ్యన ఉన్నదే మట్టం. ఇక ఒక కాలు కదలకుండా ఉంచి రెండోదాన్ని పైకీ కిందకీ జరుపుతూ, తాడు నడి గుర్తు మీదకి రాగానే అక్కడో పుల్ల పాతడం, ముందుకి నడవడం. గాలికి రాయి ఊగిపోతుంటే దాన్ని విప్పి, నిండు నీళ్ల సీసా కట్టారు. సాయంత్రానికి పుల్లల వరస చెలక మీద పాములా వంకర్లు తిరిగి ఉంది. నా కంటికి మాత్రం ఆ నేల పొద్దున్నించీ చదునుగానే కనబడింది!

ఆ గీత వెంబడే కందకం తవ్వుతారు. మట్టి పల్లం వైపు గట్టుగా పోసి, దాని మీద గిరిపుష్పం, కానుగ, సీతాఫలం నాటుతారు. కందకం అడుగు మట్టంగా ఉంటుంది కాబట్టి వచ్చిన నీరు పారిపోదు, నిలిచి ఇంకుతుంది. మరీ ఎక్కువైతే పొర్లడానికి ఒక వార రాళ్లు పేర్చి దారి వదులుతారు. 50 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరం మీద 2 లక్షల లీటర్లు పడ్డట్టు. పంపు లేకుండా, కరెంటు లేకుండా.

మేం పుల్లలు పాతుతుంటే ఇక్కడ పనిచేసే ఒక పెద్దమ్మ చూసి, "గీడ గాదు బిడ్డా, పెద్దవాన గొడితే నీళ్లన్నీ గా మూలకెల్లే వస్తయ్, ముందుగాల గది జూడుండ్రి" అంది. చూస్తే నిజమే, పక్క చెలక నీళ్లన్నీ అటునుంచే మీద పడతాయి. ఆ సంగతి వెదురు కర్ర చెప్పదు.

జహీరాబాద్, ఆ మరుసటి వారం

నాన్నగారూ,

ఇక్కడి పాఠంలో ఒకటి నాకు మింగుడు పడలేదు. ఇంటిని నడిమధ్య పెట్టుకుని వలయాలు గీస్తారు. రోజూ చెయ్యి పడాల్సిన ఆకుకూరలు, కోళ్లు మొదటి వలయంలో, ఏడాదికోసారి చూసే చెట్లు దూరంగా, ఆఖరిది ముట్టుకోకుండా వదిలేసే అడవి. వినడానికి బాగుంది. అమ్మ కరివేపాకు మొక్క వంటింటి తూము పక్కనే ఉండటం కూడా ఇదే లెక్క. కానీ ఈ వలయాలు తన పొలం మధ్యలో ఇల్లు కట్టుకున్నవాడికి సరిపోతాయి. మనవాళ్ల ఇళ్లు ఊళ్లో, పొలం మైలు దూరంలో, అదీ నాలుగు ముక్కలుగా. మధ్యలో ఎవరివో గట్లు. అదే అడిగాను. వలయాన్ని దూరంతో కాదు, నువ్వు రోజూ నడిచే దారితో గియ్యి అన్నారు. కొంత నయం. పూర్తిగా ఒప్పుకోలేదు నేను.

ఇంకో సంగతి నేల గురించి. జహీరాబాద్ చుట్టూ ఎర్ర చెలక పక్కనే నల్ల రేగడి కూడా ఉంది. చెలకలో అంత బాగా పనిచేసే మట్టపు కందకం రేగడిలో తిరగబడుతుంది. వానాకాలం నీరు ఇంకక వేర్లు కుళ్లుతాయి, ఎండాకాలం నెర్రెల్లోంచి గట్టే తెగుతుంది. అక్కడ నీళ్లని నిలపకూడదు, కొద్దిపాటి వాలుతో మెల్లగా బయటకి పంపాలి. ఫొటోలు చూసి ఎక్కడపడితే అక్కడ జేసీబీతో కందకాలు తవ్వించే కొత్త ఆసాములకి ముందు ఈ పాఠం చెప్పాలి.

చెన్నేకొత్తపల్లి, జూన్ చివర

నాన్నగారూ,

అనంతపురం వైపు వచ్చాను. జిల్లాలు విడిపోయాక ఇది శ్రీ సత్యసాయి జిల్లా. ఏడాది మొత్తానికీ 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వాళ్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి వేల ఎకరాల బోడి గుట్టల్ని మళ్లీ పచ్చబరిచిన చోటు కల్పవల్లి. అదే చూద్దామని.

తోటలా ఉంటుందనుకుని వెళ్లాను. గుట్టల నిండా గడ్డి, వాగుల వెంట ఈత చెట్లు. మొక్కలు ఎన్ని నాటారని అడిగితే, కూడా వచ్చిన కాపలాదారు "నాటింది తక్కువేమ్మా, కాపాడింది ఎక్కువ. నిప్పు పడకుండా, గొడ్డలి పడకుండా చూసుకుంటిమి. మిగతాది అదే వచ్చె" అన్నాడు. ఎండాకాలానికి ముందే గడ్డి కోసి మంట దాటకుండా పట్టీలు వదులుతారు. కప్పులకి వేసే బోదగడ్డి, చాపలకి ఈతాకు, గొర్రెలకి మేత అన్నీ ఇక్కడినించే. ఒక్కరి పేరున పట్టా ఉన్న నేలైతే ఇది సాధ్యమయ్యేది కాదనిపించింది. ప్లాను గీసిన కాగితం కంటే, ఏ ఊరి మంద ఎప్పుడు ఎటు వెళ్లాలో కుదుర్చుకున్న ఒప్పందమే ఇక్కడ పెద్ద పని. మా కోర్సులో దీని గురించి ఒక పూట కూడా చెప్పలేదు.

ఆ గుట్టల మీదే ఇప్పుడు గాలిమరలు తిరుగుతున్నాయి. వాటి కోసం వాలుని కోసి వేసిన రోడ్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. గాలి కరెంటు మంచిదే, కానీ వాన నీళ్లు ఇప్పుడు ఆ రోడ్ల వెంటే దిగుతున్నాయి.

ధర్మవరం స్టేషన్, రాత్రి

నాన్నగారూ,

బండి ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద కూచుని రాస్తున్నాను.

"ఇదంతా మన తాతలకి తెలిసిందే" అని మీరంటారు. సగం నిజం. కొబ్బరి మధ్యన కోకో, అరటి, కింద కంద, పసుపు. మనది ఎప్పటినించో అంతస్తుల తోటే. కానీ కోకో తాత నాటింది కాదు, మీరు నాటిందే కదా. మురుగు బోదె తాత కాలంలో ఉన్నంత వెడల్పు ఇప్పుడు లేదు కూడా. 2011లో మన రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర ఒక కారణమైతే ముంపు ఇంకో కారణం. ఇక్కడ నేను చూసిందంతా నీళ్లు ఆపే పని. మనకి కావలసింది సరిగ్గా దానికి ఎదురు. కందకాలు తవ్విద్దామని నేను రావట్లేదు, భయపడకండి.

ఒక్క పని చేసి పెట్టండి. ఈసారి గట్టి వాన పడ్డప్పుడు గొడుగేసుకుని చేలో ఒకసారి తిరగండి. నీరు ముందు ఏ మూల నిలుస్తుందో, ఆఖర్న ఎక్కడ తీస్తుందో పుల్లలు పాతించండి. ఎన్ని రోజులకి తీసిందో క్యాలెండరు మీద రాయించండి. బాబాయిని కూడా తీసుకెళ్లండి. బోదె పూడింది ఆయన గట్టు దగ్గరే, ఆ సంగతి ఆయనకీ తెలుసు. నేనడిగితే కోప్పడతారు. మీరైతే కాదనలేరు.