అనంతగిరిలో తలవంచిన పువ్వు

విశాఖపట్నం నుండి కిరండూల్ వైపు సాగే రైలు తూర్పు కనుమలను ఎక్కుతూ ఒక సొరంగం వెంట మరొక సొరంగంలో ప్రవేశిస్తుంది. రెండేళ్ల క్రితం జూలై మాసంలో, మదరసా విద్యార్థులు పన్నెండు మందితో కలిసి ఆ రైలులో బొర్రా వరకు వెళ్లి, అక్కడినుండి జీపులో అనంతగిరి చేరాను. సన్నని వాన కురుస్తోంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్ల మొదళ్లకు అల్లుకున్న మిరియాల తీగలు. తోటలు దాటితే అడవి.

జుహర్ నమాజు కోసం వాగు వద్ద వుజూ చేస్తుండగా ఒక పిల్లవాడు కేక వేశాడు. “హజ్రత్! ఈ పువ్వు రుకూలో ఉంది!”

వెళ్లి చూశాను. కుళ్లిన ఆకుల పొరలోనుండి మూరెడు కాడ నిలువుగా లేచి, కొసన కొక్కెంలా నేలవైపు వంగింది. ఆ వంపులో తెల్లని, లేత గులాబి ఛాయగల పూలు గుత్తిగా ఉన్నాయి. పక్కన మడతలు మడతలుగా వెడల్పాటి ఆకులు. ఇది జియోడోరం డెన్సిఫ్లోరం అనే నేల ఆర్కిడ్. జియోడోరం అంటే గ్రీకు భాషలో నేల ఇచ్చిన కానుక. గొర్రెలకాపరి చేతికర్రను పోలి ఉన్నందున ఆంగ్లేయులు దీనిని ఆ కర్ర పేరుతోనే పిలుస్తారు. మన దేశం మొదలుకొని ఆగ్నేయాసియా మీదుగా ఆస్ట్రేలియా వరకు ఇది పెరుగుతుంది. విశేషమేమంటే పూసినంతకాలమే దానికి ఈ వినయం. కాయ పట్టి ముదిరేకొద్దీ కాడ నిటారుగా లేస్తుంది. ఎత్తునుండి రాలితేనే కదా, ధూళివంటి విత్తనాలను గాలి మోసుకుపోగలిగేది!

“పెకలించి తీసుకుపోదామా?” అన్నాడు ఆ బాలుడు.

“వద్దు బేటా” అన్నాను. కారణం చెప్పడానికి నోరు రాలేదు. పూర్వం ఒకసారి నేను ఆ పనే చేశాను. ఇదే కనుమలలో ఒక మొక్కను తవ్వి ఇంటికి తెచ్చి, ప్రేమతో ప్రతిరోజూ నీరు పోశాను. చలికాలంలో ఆకులు పండిపోతే, దాహమనుకుని మరింత పోశాను. దుంప కుళ్లి చచ్చింది. అడవి అమానతును అడగకుండా తెచ్చి, తెలియనితనంతో పాడుచేశాను. సాయంత్రం బసకు చేరాక ఈ సంగతి పిల్లలందరికీ చెప్పాను.

దీని విత్తనంలో మొలకకు తగిన ఆహారం ఉండదు. నేలలోని ఒక శిలీంధ్రం తోడైతేనే మొలకెత్తుతుంది. కనుక తవ్విన మొక్క స్థానంలో మరొకటి తేలికగా రాదు. యునానీ వైద్యంలో వాడే సాలబ్ మిస్రి కూడా ఆర్కిడ్ల ఎండు దుంపే. తుర్కియేలో పాలలో కలిపి తాగే సలెప్ పొడి కిలో కావాలంటే వెయ్యికి పైగా దుంపలు తవ్వాలి. అత్తారు దుకాణంలో ఆ పొట్లం చూసినప్పుడల్లా నాకు ఆ లెక్క గుర్తుకు వస్తుంది.

పెంచగోరేవారు అడవి జోలికి పోక, ఎవరింటనైనా కుండీలో పెరిగిన దుంపలనే అడగండి. మేము అలాగే ఒక మిత్రుని పెరటినుండి తెచ్చుకున్నాం. వేసవి చివర, మొలక రాకముందు, రెండు మూడు దుంపలు కలిసి ఉండేలా విడదీయాలి. చేమదుంపలవలె ఉంటాయి. ఆకు ఎరువు ఎక్కువగా, ముతక ఇసుక, ఇటుక ముక్కలు, కొంచెం బొగ్గు కలిపి, అడుగున రంధ్రాలున్న వెడల్పు కుండీలో రెండంగుళాలకు మించని లోతున నాటాలి. ఉదయపు ఎండ చాలు, మధ్యాహ్నం నీడ తప్పనిసరి. ఆకులు పచ్చగా ఉన్నన్నాళ్లు తేమ ఆరనీయరాదు, అలాగని నీరు నిలువరాదు. నెలకొకసారి బాగా పలుచన చేసిన పేడ నీరు పోయవచ్చు. ఆకులు పసుపుబారగానే నీరు ఆపివేయాలి. ఎండిన కుండీని చూసి మనసు ఆగదు, నాకు తెలుసు. అయినా తొలకరి దాకా ఆగాలి. మరీ ఎండలు మండితే పైపైన కాస్త చిలకరిస్తే చాలు.

మదరసా వరండాలోని మా కుండీ ఈ వర్షాలకు తొలిసారి పూసింది. ఫజర్ నమాజు ముగిసినది మొదలు పిల్లలు అక్కడే చేరుతున్నారు. పూలు వాడిపోయాయి, అడుగున రెండు కాయలు ఉబ్బుతున్నాయి. కాడ మాత్రం నిన్నటివరకు ఇంకా వంగే ఉంది.